పాలసీలో 'భారతదేశంలో ఎక్కడి నుంచైనా', సర్టిఫికెట్‌లో 'చెన్నై పోర్టు': పగిలిన గ్రానైట్‌కు బీమా వర్తిస్తుందా?

ప్రశ్న: గ్రానైట్ ఫ్యాక్టరీ, తాడిపత్రి

అందరికీ నమస్కారం. తాడిపత్రిలో మాది గ్రానైట్ పాలిష్ చేసే ఫ్యాక్టరీ. నాన్నగారి కాలంలో నల్లబండలు కోసి బెంగళూరుకు పంపేవాళ్లం. ఇప్పుడు గల్ఫ్ దేశాలకు గ్రానైట్ పలకలు ఎగుమతి చేస్తున్నాం. సముద్ర రవాణా బీమా విషయంలో ఒక తగాదా వచ్చింది. పాలసీ భాష తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారని ఇక్కడ రాస్తున్నాను.

జులైలో దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టుకు ఒక కంటైనర్ పంపాం. ఇరవై క్రేట్లు, అన్నీ రెండు సెంటీమీటర్ల మందం పలకలు. క్రేట్లు మా యార్డులోనే కట్టించాం. వేడిచేసి ముద్ర వేసిన చెక్కే వాడాం. పలకలన్నీ నిలువుగా నిలబెట్టి, ఒక్కో పలకకూ మధ్య థర్మాకోల్ పెట్టాం. లారీల్లో కడప, రాజంపేట, రేణిగుంట మీదుగా చెన్నై చేరాయి. అక్కడ మా క్లియరింగ్ ఏజెంటు కుదిర్చిన కంటైనర్ ఫ్రైట్ స్టేషన్ (సరుకును కంటైనర్లలో నింపే యార్డు) వాళ్లు వాటిని కంటైనర్‌లోకి ఎక్కించి, జరగకుండా నేలకు చెక్క దిమ్మెలు కొట్టి, బెల్టులు బిగించి సీలు వేశారు. ఆ సమయంలో మా మనుషులు ఎవరూ అక్కడ లేరు.

జెబెల్ అలీలో తలుపు తీసేసరికి ఐదు క్రేట్లు చోటు తప్పి ఒకదాని మీదకు ఒకటి ఒరిగి ఉన్నాయి. అందులోని పలకలన్నీ పగిలిపోయాయి. బీమా కంపెనీ అక్కడి సర్వేయరుతో తనిఖీ చేయించింది. తర్వాత మాకు ఒక లేఖ వచ్చింది. 'సరుకును కంటైనర్‌లో సరిగా అమర్చలేదు, ఇది ప్యాకింగ్ లోపం, 4.3 మినహాయింపు కిందకు వస్తుంది' అని క్లెయిమ్ తిరస్కరించారు.

మాది ఏడాదికి తీసుకున్న ఓపెన్ పాలసీ, ఆ ఏడాది పంపే సరుకులన్నిటికీ వర్తించేది. అందులోని షరతులు ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజు 'ఎ' (మినహాయించినవి తప్ప అన్ని నష్టాలకూ వర్తించే ప్రామాణిక షరతులు), 2009 నాటివి. లేఖలో చెప్పిన 4.3 అందులోదే. పాలసీ షెడ్యూలులో 'భారతదేశంలో ఎక్కడి నుంచైనా ప్రపంచంలో ఎక్కడికైనా' అని ఉంది. ఈ కంటైనర్‌కు ఇచ్చిన సర్టిఫికెట్‌లో మాత్రం 'చెన్నై పోర్టు నుంచి జెబెల్ అలీ' అని ఉంది. సర్టిఫికెట్ మేమే కంపెనీ వెబ్‌సైటులో నింపి తీసుకుంటాం. అందులో 'లోడింగ్ పోర్టు' అనే గడి ఒక్కటే ఉంది, ఫ్యాక్టరీ ఊరు రాయడానికి చోటే లేదు. అమ్మకం సి.ఐ.ఎఫ్. పద్ధతిలో, అంటే ఓడ కిరాయి, బీమా ధరలోనే కలిపి జరిగింది.

తిరస్కరించడం సరైనదేనా? పాలసీ రెన్యూవల్ కూడా దగ్గరపడింది. ఈసారి ఏ మాటలు రాయించుకోవాలి?

జవాబు: కార్గో సర్వేయరు (విశ్రాంత), కర్నూలు

మీ పోస్టు జాగ్రత్తగా చదివాను. ఆ లేఖ రాసినవారు 4.3 క్లాజులో మొదటి సగం చదివి రెండో సగం వదిలేసినట్లున్నారు. పూర్తిగా చదివితే మీ కేసు స్వరూపమే మారుతుంది.

ప్రయాణంలో మామూలుగా ఎదురయ్యే కుదుపులను తట్టుకునేంత ప్యాకింగ్ లేకపోవడం వల్ల కలిగిన నష్టానికి బీమా వర్తించదు. ఇది మొదటి సగం. 2009 క్లాజు ఇక్కడితో ఆగదు. ఆ ప్యాకింగ్‌ను పాలసీదారుగానీ, అతని ఉద్యోగులుగానీ చేసి ఉండాలి, లేదంటే బీమా మొదలు కాకముందే అది జరిగి ఉండాలి. అప్పుడే ఈ మినహాయింపు వర్తిస్తుంది. అదే వాక్యం చివర మరో రెండు సంగతులు కూడా ఉన్నాయి. కంటైనర్‌లో సరుకు సర్దడం కూడా ప్యాకింగ్‌గానే లెక్క. స్వతంత్ర కాంట్రాక్టరు మాత్రం ఉద్యోగి కిందకు రాడు.

ఇప్పుడు మీ కంటైనర్ సంగతి చూడండి. క్రేట్లు కట్టింది మీరు. కంటైనర్‌లో సర్దింది ఫ్రైట్ స్టేషన్ వాళ్లు. వాళ్లు మీ ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. లేఖ తప్పుపట్టింది క్రేట్లను కాదు, కంటైనర్‌లోని అమరికను. అంటే మినహాయింపులో మొదటి దారి మూసుకుపోయింది. కంపెనీకి మిగిలింది రెండో దారే: సర్దడం బీమా మొదలు కాకముందే జరిగిందని చూపించాలి.

అందుకే ఈ తగాదా అంతా ఒక్క ప్రశ్న దగ్గరకు వస్తుంది. మీ బీమా తాడిపత్రిలో మొదలైందా, చెన్నైలో మొదలైందా? 2009 క్లాజు ప్రకారం, బీమా ఒప్పందంలో పేర్కొన్న చోట గోదాములోని సరుకును వాహనంలోకి వెంటనే ఎక్కించడం కోసం మొదటిసారి కదిపినప్పుడే బీమా మొదలవుతుంది. పేర్కొన్న చోటు తాడిపత్రి అయితే, మీ యార్డులో క్రేను మొదటి క్రేటును ఎత్తినప్పుడే బీమా మొదలైంది. చెన్నైలో సర్దడం ఆ తర్వాతి పని. మినహాయింపు వర్తించదు. పేర్కొన్న చోటు చెన్నై పోర్టు అయితే, పోర్టుకు చేరకముందే ఫ్రైట్ స్టేషన్‌లో సర్దడం పూర్తయింది. అప్పుడు కంపెనీ మాటకు బలం ఉంటుంది. షెడ్యూలులో ఊరి పేరు ఏది రాశారన్నదాన్ని బట్టి లక్షల రూపాయలు అటో ఇటో తేలతాయి. బీమా మొత్తమూ ప్రీమియమూ మాత్రమే చూసి సంతకం పెట్టేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇదే బాధ.

పాలసీకీ సర్టిఫికెట్‌కూ తేడా వచ్చినప్పుడు ఏది నిలుస్తుందని మీరు అడుగుతారు. పాలసీ మాటల్లో నిజంగానే రెండర్థాలు వస్తే, ఆ మాటలు రాసిన కంపెనీకి వ్యతిరేకంగా ఉన్న అర్థాన్నే తీసుకోవాలని సుప్రీంకోర్టు 1966లో చందూమల్ జైన్ కేసులో చెప్పింది. కోర్టు కొత్త ఒప్పందం తయారు చేయదని కూడా ఆ తీర్పులోనే ఉంది. సర్టిఫికెట్ మీరే నింపారు కాబట్టి ఆ మాటలు మీవేనని కంపెనీ వాదిస్తుంది. దానికి మీ దగ్గర గట్టి జవాబు ఉంది. ఆ గడి శీర్షిక 'లోడింగ్ పోర్టు'. సరుకు ఓడ ఎక్కేది ఎక్కడ అని అది అడిగింది, మీరు సరిగానే చెప్పారు. బీమా ఎక్కడ మొదలవుతుందని అది అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఓపెన్ పాలసీలో ఉంది: భారతదేశంలో ఎక్కడి నుంచైనా. ఇలా చదివితే రెండు పత్రాల మధ్య వైరుధ్యమే ఉండదు. వైరుధ్యం ఉందని వాదించడం కన్నా, లేదని చూపించడమే మీకు మేలు.

దీనికి మీ దగ్గర రుజువులు ఉండాలి. సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు ఇన్‌వాయిసుతో పాటు లారీ రసీదు కూడా కంపెనీకి పంపారా? అందులో తాడిపత్రి అని ఉందా? ప్రీమియం రేటులో రోడ్డు ప్రయాణం కూడా కలిసి ఉందా? రోడ్డు ప్రయాణానికి డబ్బు తీసుకుని, బీమా పోర్టులో మొదలైందని చెప్పడం ఏ న్యాయస్థానం ముందూ తేలిక కాదు. ఈ కాగితాలు వెతకండి.

ఇంకో మాట. 'సముద్రం అల్లకల్లోలంగా ఉంది, అందుకే పగిలాయి' అనే వాదనను ముందు పెట్టకండి. జులైలో నైరుతి రుతుపవనాల కాలం, అరేబియా సముద్రంలో ఓడ ఊగడం ఆ ప్రయాణంలో మామూలే. మామూలు కుదుపులకు తట్టుకోని అమరిక లోపమేనని వాళ్లు అంటారు, అందులో నిజం కూడా ఉంది. అమరిక బాగుందని నిరూపించే భారం మీరు ఎత్తుకోవద్దు. అమరిక బాగాలేకపోయినా, అది ఎవరు, ఎప్పుడు చేశారన్నదే మీ వాదన కావాలి.

కంటైనర్ తలుపు తీసినప్పటి ఫోటోలు ఉంటే బయటకు తీయండి. ఒరిగిన క్రేట్ల చెక్క చట్రం చెక్కుచెదరకుండా ఉందా, నేల మీద కొట్టిన దిమ్మెలు ఊడి పక్కకు పోయాయా అన్నది దగ్గరగా చూడండి. నేను కంటైనర్ తలుపు దగ్గర నిలబడి మొదట చూసేది మేకులనే. దిమ్మెకు కొట్టిన మేకు వంగి ఉంటే, అది పట్టుకుని నిలిచి, బరువు తట్టుకోలేక లొంగిందని అర్థం. మేకు నిటారుగా ఊడివస్తే, అది కంటైనర్ నేలలోకి లోతుగా దిగనే లేదు. చట్రం బాగుండి దిమ్మెలు ఊడిపోతే మీ క్రేట్లకు దోషం లేదు, దోషం అమరికదే. చట్రం కూడా లోపలి నుంచి విచ్చుకుపోయి ఉంటే మాత్రం జాగ్రత్త. అప్పుడు క్రేటు కట్టడం మీదకు వేలు చూపుతారు. అది మీ ఉద్యోగులు చేసిన పనే కాబట్టి మినహాయింపు మీకు తగులుతుంది. సర్వే నివేదిక ప్రతి అడిగి తెప్పించుకోండి. అందులో ఈ వివరం ఎలా రాశారో చూశాకే లేఖకు జవాబు ఇవ్వండి.

మీ పాలసీ 2009 క్లాజులతోనే ఉందని అసలు కాగితం మీద ఒకసారి సరిచూసుకోండి. 1982 నాటి క్లాజులు ఇంకా కొన్ని పాలసీల్లో కనిపిస్తాయి. వాటిలో కంటైనర్ అమరికకు సంబంధించిన పరిమితి దాదాపు ఇలాగే ఉన్నా, క్రేటు ప్యాకింగ్ ఎవరు చేశారన్న షరతు లేదు.

జవాబు: న్యాయవాది, కడప

సర్వేయరు గారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండు సంగతులు కలుపుతాను.

మొదటిది, క్లెయిమ్ ఎవరి పేరు మీద వేశారు? సి.ఐ.ఎఫ్. అమ్మకంలో సరుకు ఓడ ఎక్కగానే నష్టభారం కొనుగోలుదారుడికి మారుతుంది. మీరు సర్టిఫికెట్ వెనక సంతకం పెట్టి బ్యాంకు ద్వారా పంపి ఉంటారు. సముద్ర బీమా చట్టం, 1963 సెక్షన్ 8 ప్రకారం నష్టం జరిగిన సమయానికి సరుకులో ప్రయోజనం ఉన్నవాడే, అంటే సరుకు పోతే నష్టపోయేవాడే, పరిహారం అడగగలడు. సెక్షన్ 52 ప్రకారం పాలసీని నష్టానికి ముందైనా తర్వాతైనా బదిలీ చేయవచ్చు. కొనుగోలుదారుడు డబ్బు పూర్తిగా ఇచ్చాడా, పగిలిన సరుకు విలువ ఆపుకున్నాడా? ఆపుకుంటే అతని సంతకంతో సర్టిఫికెట్ తిరిగి తెప్పించుకోండి. పరిహారం మీకే ఇవ్వడానికి అభ్యంతరం లేదని అతనితో లేఖ కూడా రాయించుకోండి. ఈ పని ఆలస్యమైతే, అసలు వాదన గెలిచినా 'మీకు హక్కు లేదు' అనే మాట దగ్గర ఆగిపోతారు.

రెండోది, కంపెనీ తన తిరస్కరణ లేఖలో రాసిన కారణానికే కట్టుబడాలి. లేఖలో లేని కొత్త కారణాన్ని తర్వాత కోర్టులో తేలేదని 2016లో గలాడా పవర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కూడా రవాణా బీమా కేసే. అందుకే మీరు జవాబు రాసేటప్పుడు లేఖలోని 4.3 గురించి మాత్రమే రాయండి. వాళ్లకు కొత్త దారులు చూపించవద్దు.

వ్యాపారులకు వినియోగదారుల కమిషన్ తలుపులు మూసి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నష్టం నుంచి కాపాడుకోవడానికి తీసుకున్న బీమా, లాభం కోసం చేసిన పనితో నేరుగా ముడిపడినది కాదని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అనంతపురం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయడం గురించి ఆలోచించవచ్చు. రెండేళ్ల గడువు ఉంది. మీది సొంత యాజమాన్యపు సంస్థ లేదా సూక్ష్మ పరిశ్రమ అయితే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరకూ వెళ్లవచ్చు. దానికి ముందు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం పంపి ఉండాలి.

ప్రశ్న వేసినవారు, తాడిపత్రి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాగితాలన్నీ తీశాను. కొనుగోలుదారుడు పగిలిన ఐదు క్రేట్ల డబ్బు ఆపుకున్నాడు, మిగతాది చెల్లించాడు. సర్టిఫికెట్ అతని దగ్గరే ఉంది, ఈరోజే రాశాను. ఇన్‌వాయిసు, లారీ రసీదు రెండూ లారీలు కదిలిన రోజే కంపెనీకి ఈమెయిల్‌లో వెళ్లాయి, రసీదులో 'తాడిపత్రి నుంచి చెన్నై' అని స్పష్టంగా ఉంది. పాలసీలో ప్రీమియం రేటు పక్కన 'గోదాము నుంచి గోదాము వరకు' అని ఉంది. ఫోటోల్లో మూడు క్రేట్ల చట్రం బాగుంది. దిమ్మెలు గోడ పక్కన పడి ఉన్నాయి, మేకులు నిటారుగానే ఉన్నాయి. మరో రెండు క్రేట్ల మీద మిగతావి పడటంతో చట్రం బయటి నుంచి నలిగింది.

జవాబు: కార్గో సర్వేయరు, కర్నూలు

బయటి నుంచి నలిగిందంటే ఆ రెండు క్రేట్లకూ మూలకారణం అదే అమరిక. ఆ ఫోటోలు పెద్దవి చేసి, ఏ క్రేటు ఎటు జరిగిందో ఒక గీత బొమ్మ వేసి జతచేయండి. 'గోదాము నుంచి గోదాము వరకు' అనే మాట మీకు ఆయువుపట్టు. ఎగుమతిదారుడి గోదాము తాడిపత్రిలో ఉంటే, ఆ మాటకు చెన్నై పోర్టు అనే అర్థం రాదు.

ఓడ కంపెనీకీ, ఫ్రైట్ స్టేషన్‌కూ ఇప్పుడే నోటీసులు పంపండి. ఓడ కంపెనీ మీద దావాకు సరుకు అప్పగించిన నాటి నుంచి ఏడాదే గడువు. రవాణాదారుల మీద హక్కులు కాపాడటం పాలసీదారు బాధ్యత అని 16వ క్లాజులో ఉంది. బీమా తగాదా తేలేదాకా ఆగితే ఆ హక్కు పోతుంది, అప్పుడు అదే మరో సాకు అవుతుంది. ఫ్రైట్ స్టేషన్‌కు పంపే లేఖలో మాత్రం అమరిక లోపం, ఊడిన మేకులు, పడిపోయిన దిమ్మెలు అన్నీ వివరంగా రాయండి.

ఇక రెన్యూవల్. ఓపెన్ పాలసీలో ప్రయాణం ఎక్కడ మొదలవుతుందో మీ ఫ్యాక్టరీ పేరుతో రాయించండి. నేనైతే ఇలా అడుగుతాను: 'తాడిపత్రిలోని పాలసీదారు ఫ్యాక్టరీ యార్డులో సరుకును లారీకి ఎక్కించేందుకు మొదటిసారి కదిపిన క్షణం నుంచి, చెన్నై లేదా కృష్ణపట్నం పోర్టు మీదుగా, మధ్యలో కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌లో ఉంచడం, సర్దడంతో సహా, విదేశంలోని కొనుగోలుదారుడి గోదాములో దింపడం పూర్తయ్యే వరకు.' దాని కిందే మరో వాక్యం: 'ఏదైనా సర్టిఫికెట్‌లో పోర్టు పేరు మాత్రమే ఉన్నా, బీమా ప్రారంభం పైన చెప్పినట్లే ఉంటుంది.' ఈ రెండో వాక్యం ఉంటే వెబ్‌సైటులోని గడి మీకు అడ్డం రాదు. టైపు చేసి చేర్చిన మాటకూ అచ్చులో ఉన్న మాటకూ తేడా వస్తే, టైపు చేసిన మాటకే ఎక్కువ బరువు ఇవ్వడం బీమా న్యాయంలో పాత సంప్రదాయం. అందుకే షెడ్యూలులో మీ కోసం చేర్చే వాక్యాల మీద శ్రద్ధ పెట్టండి.

ఎక్సెస్ గురించీ, అంటే పరిహారంలో పాలసీదారు భరించాల్సిన కోత గురించీ ఒక మాట. పగుళ్లకు ఒక శాతం ఎక్సెస్ అని రాస్తారు, దేనిలో ఒక శాతమో రాయరు. మీ కంటైనర్‌కు సి.ఐ.ఎఫ్. విలువ మీద పది శాతం కలిపి 22 లక్షలకు బీమా ఉందనుకుందాం. మొత్తం సరుకు విలువ మీద అయితే 22,000 రూపాయలు కోత. దెబ్బతిన్న క్రేట్ల విలువ మీద అయితే, ఐదు క్రేట్లకు 5,50,000లో ఒక శాతం, అంటే 5,500. 'నష్టం కలిగిన ఒక్కో క్రేటు విలువ మీద' అనే మాటలు చేర్చమనండి.

ప్రతి లారీ వివరాలనూ బీమా కంపెనీకి ప్రకటించే బాధ్యత కూడా మరవకండి. 2010లో సూరజ్‌మల్ రామ్‌నివాస్ ఆయిల్ మిల్స్ కేసులో పాలసీ ప్రకారం సరుకు పంపిన వివరాలు ప్రకటించలేదని పరిహారం రాలేదు. ఒప్పందంలోని మాటలకు కలపడంగానీ తీసేయడంగానీ కోర్టు చేయదని అక్కడ మళ్లీ చెప్పారు. మీరు అదే రోజు ఈమెయిల్ పంపారు కాబట్టి ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

వ్యాఖ్య: బండల వ్యాపారి, బేతంచెర్ల

మేము ఎఫ్.ఓ.బి. మీదే, అంటే సరుకు ఓడ ఎక్కించేదాకా ఖర్చులతోనే అమ్ముతాం. బీమా కొనుగోలుదారుడే చేసుకుంటాడు. మాకు ఈ తలనొప్పి ఉండదు కదా?

జవాబు: కార్గో సర్వేయరు, కర్నూలు

ఉంటుందండీ. బేతంచెర్ల నుంచి సరుకు ఓడ ఎక్కేదాకా నష్టభారం మీదే. నంద్యాల దాటాక లారీ బోల్తా పడితే కొనుగోలుదారుడి పాలసీ మీకు పనికిరాదు. ఆ దూరానికి రోడ్డు రవాణా పాలసీ, అది కూడా 'ఎ' క్లాజుతో తీసుకోండి. 'బి' క్లాజులో బోల్తా పడటం, ఢీకొనడం, అగ్నిప్రమాదం వంటివి ఉంటాయి కానీ, ఎక్కించేటప్పుడు క్రేటు జారి పగిలితే అది అందులో లేదు. బండలకు ఎక్కువ నష్టం జరిగేది ఎత్తేటప్పుడూ దించేటప్పుడే.

సరుకు ఓడ ఎక్కాక మీ పేరు మీద పాలసీ ఉన్నా లాభం లేకపోవచ్చు. 2010లో డి.కె. లాల్ కేసులో ఎఫ్.ఓ.బి. మీద అమ్మిన ఎగుమతిదారుడికి ఆ దశలో బీమా చేయదగిన ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు బీమా కంపెనీ వైపు తీర్పు చెప్పింది. కొనుగోలుదారుడు సరుకు తీసుకోకుండా, డబ్బు ఇవ్వకుండా వదిలేస్తే ఆ మధ్యకాలాన్ని కాపాడే విక్రేత ప్రయోజన బీమా వేరే ఉంటుంది, దాన్ని విడిగా అడగాలి. రోడ్డు మీద నష్టం జరిగితే లారీ కంపెనీకి బుకింగ్ చేసిన నాటి నుంచి 180 రోజుల లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వడం 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం తప్పనిసరి.

వ్యాఖ్య: అరటి రైతు, పులివెందుల

సార్, మేము జి-9 రకం అరటి పంపుతాం. చల్లని కంటైనర్ పోర్టులో ఎక్కువ రోజులు ఆగి కాయ పండిపోతే 'ఎ' క్లాజు అన్నిటికీ వర్తిస్తుంది కదా?

జవాబు: కార్గో సర్వేయరు, కర్నూలు

వర్తించదు. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి బీమా లేదు. ఆలస్యానికి కారణం బీమా ఉన్న ప్రమాదమే అయినా సరే లేదు. 4.5 క్లాజులోనూ, 1963 చట్టం సెక్షన్ 55లోనూ ఇదే ఉంది. కాయ తన స్వభావం వల్ల పండటం కూడా మినహాయింపే. శీతలయంత్రం ఆగిపోవడం వల్ల ఉష్ణోగ్రత మారితే పరిహారం వచ్చేలా వేరే క్లాజు చేర్పించాలి. ఆ క్లాజుల్లో సాధారణంగా యంత్రం వరుసగా 24 గంటలకు తక్కువ కాకుండా ఆగాలనే షరతు ఉంటుంది. అరటికి అది చాలా ఎక్కువ సమయం, తగ్గించమని బేరమాడండి. కంటైనర్‌లో ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం మీరే పెట్టించండి. 13, 14 డిగ్రీల దగ్గర ఉండాల్సింది ఎప్పుడు, ఎంతసేపు తప్పిందో ఆ కాగితం లేకుండా ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న వేసినవారు, తాడిపత్రి

రెన్యూవల్ ప్రతిపాదన వచ్చింది. ఫ్యాక్టరీ ఊరు చేర్చడానికి ఒప్పుకున్నారు. కానీ కొత్తగా ఒక వాక్యం పెట్టారు: 'ప్రతి కంటైనర్‌లో సరుకు అమరిక లైసెన్సు ఉన్న సర్వేయరు పర్యవేక్షణలో జరుగుతుందని వారంటీ.' ప్రీమియం కూడా కొంచెం తగ్గించారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: కార్గో సర్వేయరు, కర్నూలు

సర్వేయరును పెట్టడానికి ఒప్పుకోండి, అది మీకూ మంచిదే. ఆ వాక్యాన్ని మాత్రం ఈ రూపంలో ఒప్పుకోవద్దు. 1963 చట్టం సెక్షన్ 35 ప్రకారం వారంటీని అక్షరాలా పాటించాలి, అది నష్టానికి సంబంధించినదైనా కాకపోయినా సరే. తప్పిన రోజు నుంచి కంపెనీ బాధ్యత ముగుస్తుంది. సెక్షన్ 36 ప్రకారం తప్పు జరిగాక సరిదిద్దుకున్నామని చెప్పినా చెల్లదు. బ్రిటన్ 2015లో తన చట్టాన్ని మార్చి ఈ కాఠిన్యాన్ని తగ్గించింది. మన చట్టం మారలేదు. అంటే ఒక రోజు సర్వేయరు రాకముందే ఫ్రైట్ స్టేషన్ వాళ్లు రెండు క్రేట్లు ఎక్కించేస్తే, ఆ తర్వాత ఆ కంటైనర్ సముద్రంలో మునిగిపోయినా పరిహారం రాకపోవచ్చు.

దాని బదులు ఇలా మార్చమని అడగండి: 'పాలసీదారు సర్వేయరు పర్యవేక్షణకు ఏర్పాటు చేయాలి. ఏర్పాటు జరగని కంటైనర్ విషయంలో, అమరిక లోపం వల్ల కలిగిన నష్టానికి మాత్రమే బీమా వర్తించదు.' వారంటీ అనే మాట అందులో ఉండకూడదు. దాంతో పాటు మీ క్రేటు బొమ్మ, కొలతలు, దిమ్మెలు కొట్టే పద్ధతి ఒక అనుబంధంగా చేర్చి, 'అనుబంధంలో చూపిన ప్యాకింగ్ ఈ ప్రయాణానికి తగినదని కంపెనీ అంగీకరిస్తుంది' అనే వాక్యం రాయించండి. కంపెనీలు దీనికి మొదట ఒప్పుకోవు. క్రేటు ఫోటోలు, పలక మందం, చెక్క మందం అన్నీ ముందుపెట్టి మాట్లాడితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వాళ్లకు కావలసింది పగుళ్లు తగ్గడమే.

ప్రీమియంలో తగ్గిన డబ్బును సర్వేయరు ఫీజుతో పోల్చి చూడండి. ఎక్కువ తేడా ఉండదు. ఈ వాక్యాలు సరిచేసిన ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే సవరణ పత్రం) చేతికి రాకముందు, 'తర్వాత పంపిస్తాం' అన్న మాట మీద పాత పాలసీని వదులుకోవద్దు. రెన్యూవల్ తేదీ దాటేలా ఉంటే కొన్ని రోజుల పొడిగింపు అడగండి. ఆ పొడిగింపు కూడా కాగితం మీదే తీసుకోండి.